జర్మనీలో దిగాక మొదటి నెల: ఏ పని ముందు, ఏది తర్వాత

చదువుకోడానికి జర్మనీ వెళ్ళినవాళ్ళకి మొదటి నెల పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఇంటి అడ్రస్ లేకపోతే ఊళ్ళో రిజిస్ట్రేషన్ అవదు. రిజిస్ట్రేషన్ కాగితం లేకపోతే కొన్ని బ్యాంకులు అకౌంట్ తెరవవు. బ్యాంకు అకౌంట్ లేకపోతే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ముందే జమచేసి నెలకి కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతాలో, ఉన్న మీ సొంత డబ్బే మీ చేతికి రాదు. ఆ డబ్బు రాకపోతే అద్దె కట్టలేరు. ఈ ముడి ఎక్కడ విప్పాలో తెలిస్తే మూడు నాలుగు వారాల్లో అన్నీ సర్దుకుంటాయి. తెలియకపోతే క్రిస్మస్ దాకా ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. మొదట విప్పాల్సిన ముడి ఇల్లు. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి.

టికెట్ ఏ రోజుకి, పెట్టెలో ఏముండాలి

వింటర్ సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1న మొదలవుతుంది. తరగతులు మాత్రం చాలా యూనివర్సిటీల్లో అక్టోబర్ మధ్యలో మొదలవుతాయి. సెప్టెంబర్ రెండో, మూడో వారంలో దిగేలా టికెట్ తీసుకోండి, అదీ సోమ, మంగళ, బుధవారాల్లో. ఆదివారం సూపర్ మార్కెట్లు మూతపడతాయి, రైల్వే స్టేషన్లలో ఉండే దుకాణాలే దిక్కు. శనివారం రాత్రి దిగి, ఆకలితో ఖాళీ గదిలో కూర్చోవడం ఎవరికీ వద్దు. అక్టోబర్ 3 కూడా దేశమంతా సెలవు.

పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్ పత్రం, ఇంటి కాంట్రాక్టు, ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు పత్రాలు అసలైనవని ధ్రువీకరించేది), టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ అన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి. దోహా, దుబాయ్ మీదుగా వస్తే ఇమిగ్రేషన్ జర్మనీలో జరుగుతుంది. పారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో విమానం మారితే అక్కడే జరుగుతుంది, ఎందుకంటే షెంగెన్‌లో, అంటే మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలో, అడుగుపెట్టేది అక్కడే. ఆ కాగితాలు చెక్-ఇన్ పెట్టెలో ఉంటే ఆఫీసర్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. అలాంటి ప్రయాణంలో రెండు విమానాల మధ్య కనీసం రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూసుకోండి.

తిండి సామాన్ల విషయంలో అమ్మల ప్రేమకి కస్టమ్స్ నియమాలు అడ్డం వస్తాయి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. పట్టుకుంటే పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు, ఇంట్లో దంచిన కారం మాత్రం నిశ్చింతగా తెచ్చుకోండి. పచ్చళ్ళని నూనె కారకుండా రెండు పొరల్లో సీల్ చేయించి, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి.

కుక్కర్ కొనేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం అడుగున పెట్టి చూడండి. అంటుకుంటేనే అది ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుంది. మీకొచ్చే ఇంట్లో పాత ఇనప ప్లేట్ల పొయ్యి ఉండొచ్చు, గాజు పలక పొయ్యి ఉండొచ్చు, ఇండక్షన్ ఉండొచ్చు. అడుగు చదునుగా ఉన్న మూడు లీటర్ల స్టీల్ ఇండక్షన్ కుక్కర్ అయితే మూడింటి మీదా నడుస్తుంది, అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు. గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వ్ ఒకటి అదనంగా పెట్టుకోండి, మన కుక్కర్ల విడిభాగాలు అక్కడ దొరకడం కష్టం.

కరెంటు రెండు దేశాల్లోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మన మిక్సీ అక్కడా తిరుగుతుంది. తేడా ప్లగ్గులోనే. సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ నేరుగా పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. మిక్సీకి తీసుకునే అడాప్టర్‌కి ఎర్త్ ఉందో లేదో, ఎన్ని ఆంపియర్లు మోస్తుందో దాని మీద చదివి కొనండి. లాప్‌టాప్‌కి అయితే అడాప్టర్ కంటే జర్మన్ ప్లగ్గు ఉన్న వైరు అక్కడే కొనుక్కోవడం మేలు.

చలి కోటు ఇక్కడ కొనకండి. మన ఊళ్ళో దొరికేది అక్కడి తేమ చలికి, గాలికి సరిపోదు, పైగా పెట్టెలో సగం అదే తింటుంది. రెండు జతల థర్మల్స్, ఒక మామూలు జాకెట్ చాలు. కోటు, బూట్లు అక్కడ అక్టోబర్‌లో కొనుక్కోవచ్చు.

డబ్బు విషయంలో మాత్రం ఉదారంగా లెక్కేసుకోండి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి మొదటి నెల డబ్బు చేతికి రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా మొదటి అద్దె, అడ్వాన్సు, తిండి, టికెట్లు అన్నీ మీదే భారం. ఫారెక్స్ కార్డులో 1,500 నుంచి 2,000 యూరోలు, చేతిలో 300 దాకా నోట్లు ఉంటే ఊపిరి ఆడుతుంది. 50 కంటే పెద్ద నోట్లు అడగకండి, చిన్న దుకాణాల్లో తీసుకోరు.

ఇంకొకటి. ఇండియా సిమ్‌కి రోమింగ్ ఇక్కడ ఉండగానే వేయించి, రీఛార్జ్ ఆగకుండా చూసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఎడ్యుకేషన్ లోన్ బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వస్తాయి.

ఇల్లు: రిజిస్ట్రేషన్ ఇస్తారా అన్నదే మొదటి ప్రశ్న

అడ్మిషన్ వచ్చిన రోజే ఆ ఊరి స్టూడీరెండెన్‌వెర్క్, అంటే విద్యార్థి హాస్టళ్ళు నడిపే సంస్థ, వెబ్‌సైట్‌లో హాస్టల్ గదికి దరఖాస్తు పెట్టండి. అద్దె తక్కువ, మోసం భయం లేదు, కాగితాలు అడిగిన వెంటనే ఇస్తారు. పెద్ద ఊళ్ళలో వెయిటింగ్ లిస్టు ఒకటి రెండు సెమిస్టర్లు కూడా సాగుతుంది కాబట్టి ఒకదాని మీదే ఆధారపడకండి. రెండో దారి వేగే, అంటే నలుగురైదుగురు ఒక ఫ్లాట్ పంచుకుని ఉండడం. ఒక్కొక్కరికి ఒక గది, వంటగది, బాత్‌రూమ్ అందరికీ.

ఏ గది చూసినా అద్దె అడిగే ముందు ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా? అన్‌మెల్డుంగ్ అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవడం. కుదరదంటే ఆ గది ఎంత చవకైనా వదిలేయండి. రెండు వారాలు తల దాచుకోడానికి అయితే సరే, అది ఇల్లు కాదు. కొంతమంది ఓనర్‌కి చెప్పకుండా గది తిరిగి అద్దెకిస్తుంటారు, వాళ్ళు ఆ కాగితం ఇవ్వలేరు. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కనబడే గదుల్లో కూడా ఇలాంటివి ఉంటాయి. మనవాళ్ళే కదా అని మొహమాటపడకుండా అడగండి.

అద్దె రెండు రకాలుగా చెబుతారు. కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె. వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్ళు, చెత్త ఖర్చులు కలిపినది. కరెంటు, ఇంటర్నెట్ రెండోదాంట్లో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. అడ్వాన్సుని కౌట్సియోన్ అంటారు. చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్‌మీటె కంటే ఎక్కువ ఉండకూడదు, మామూలు అద్దె ఒప్పందాల్లో దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఈ సంగతి తెలియక మొదటి రోజే అంతా కట్టేసి చేతులు ఖాళీ చేసుకునేవాళ్ళు చాలామంది.

మోసాలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఫొటోలు అద్భుతంగా ఉంటాయి, అద్దె ఆ ఊరి రేటులో సగం ఉంటుంది, ఓనర్ వేరే దేశంలో ఉన్నానంటాడు, డబ్బు పంపితే తాళం కొరియర్‌లో వస్తుందంటాడు. పాస్‌పోర్టు కాపీ కూడా చూపిస్తాడు, అది ఇంతకుముందు మోసపోయిన ఎవరిదో అయ్యుంటుంది. గదిని మీరైనా, ఆ ఊళ్ళో ఉన్న మీ సీనియరైనా కళ్ళతో చూడకుండా, లేదా కనీసం వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించకుండా, సంతకం పెట్టిన కాంట్రాక్టు లేకుండా ఒక్క యూరో కూడా పంపకండి.

తాళం చేతికొచ్చిన రోజు గదిలోని ప్రతి గీత, మరక, పగిలిన టైలు ఫొటో తీసి, ఓనర్‌తో కలిసి కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ఖాళీ చేసే రోజు మీ అడ్వాన్సు ఎంత వెనక్కి వస్తుందో తేల్చేది ఆ కాగితమే.

పోస్ట్ డబ్బా మీద మీ పేరు

మన దగ్గర అడ్రస్ అంటే డోర్ నంబర్, ఫ్లాట్ నంబర్, ఫలానా గుడి ఎదురుగా. జర్మనీలో చాలా భవనాల్లో ఫ్లాట్ నంబర్ అంటూ ఉండదు. వీధి పేరు, భవనం నంబర్, పిన్ కోడ్, ఊరు, అంతే. కింద వరసగా పోస్ట్ డబ్బాలుంటాయి, ఒక్కో దాని మీద నివాసుల ఇంటిపేర్లు. పోస్ట్‌మాన్ కవరు మీది పేరు, డబ్బా మీది పేరు కలిస్తేనే ఉత్తరం వేస్తాడు. కలవకపోతే పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది, మీకు కబురు కూడా ఉండదు.

బ్యాంకు కార్డు, దాని పిన్ వేరే కవర్లో, ఇన్సూరెన్స్ కార్డు, పన్ను నంబర్, రెసిడెన్స్ పర్మిట్ ఉత్తరాలు అన్నీ పోస్టులోనే వస్తాయి. కాబట్టి గదిలో అడుగుపెట్టిన రోజే ఒక తెల్ల కాగితం ముక్క మీద మీ ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో రాసి, డబ్బా మీదా, కాలింగ్ బెల్ దగ్గరా అంటించండి. ఓనర్ అసలు ప్లేటు తర్వాత వేయిస్తాడు. వేరేవాళ్ళ పేరు మీదున్న డబ్బా వాడుకోవాల్సి వస్తే, అడ్రస్ రాసే ప్రతిచోటా మీ పేరు కింద "కేరాఫ్" అని వాళ్ళ ఇంటిపేరు చేర్చండి.

పేరు దగ్గరే మనవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అనే గడిలో ఏముందో జర్మన్లకి అదే మీ ఇంటిపేరు. కొందరికి అక్కడ నిజంగా ఇంటిపేరు ఉంటుంది, కొందరికి నాన్నగారి పేరు, కొందరికి ఖాళీ. యూనివర్సిటీలో ఒకలా, బ్యాంకులో ఒకలా, ఇన్సూరెన్స్‌లో ఒకలా రాస్తే ముగ్గురు వేరు వేరు మనుషులుగా కంప్యూటర్లలో నమోదవుతారు, సరిచేయించడానికి వారాలు పడుతుంది. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే స్పెల్లింగ్‌తో, పేర్లన్నీ రాయండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాకి వెళ్ళకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం ఉత్తమం.

అన్‌మెల్డుంగ్

గదిలోకి మారిన రోజు నుంచి రెండు వారాల్లోపు ఇది చేయాలని చట్టం. లెక్క మొదలయ్యేది విమానం దిగిన రోజు నుంచి కాదు, ఇంట్లో చేరిన రోజు నుంచి. చేసే చోటుని చాలా ఊళ్ళలో బ్యుర్గర్‌అమ్ట్ అంటారు. చిన్న ఊళ్ళలో నేరుగా వెళ్ళినా పని జరుగుతుంది. బెర్లిన్, మ్యూనిక్ లాంటి చోట్ల ఆన్‌లైన్‌లో టెర్మీన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడమే అసలు పని. ఇండియాలో ఉండగానే ఆ ఊరి వెబ్‌సైట్ తెరిచి చూస్తూ ఉండండి. ఖాళీలు లేవని వస్తే మర్నాడు ఉదయం ఆఫీసు తెరిచే వేళకి మళ్ళీ చూడండి, ఇతరులు రద్దు చేసుకున్నవి అప్పుడు కనబడతాయి. పెద్ద ఊళ్ళలో ఏ పేటలోని ఆఫీసులోనైనా చేసుకోవచ్చు, ఇంటి దగ్గరదే కానక్కర్లేదు. రెండు వారాల తర్వాతి తేదీ దొరికినా ఫర్వాలేదు, గడువులోపే బుక్ చేసుకున్నారనడానికి ఆ కన్ఫర్మేషన్ దాచుకోండి.

తీసుకెళ్ళాల్సినవి మూడు: వీసా ఉన్న పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఓనర్ సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పేరు పలకడం రాకపోయినా ఈ మూడోది మర్చిపోకండి. మీరు ఫలానా తేదీన ఈ ఇంట్లో చేరారని ఓనర్ ధ్రువీకరించే ఒక పేజీ కాగితం అది. అద్దె కాంట్రాక్టు దీనికి బదులుగా చెల్లదు. చాలామంది వెనక్కి తిరిగొచ్చేది ఇక్కడే. ఇది ఇవ్వడం ఓనర్‌కి చట్టపరమైన బాధ్యత, కాబట్టి తాళం తీసుకునేటప్పుడే అడిగి తీసుకోండి.

ఫారంలో మతం అనే గడి ఉంటుంది. అక్కడ కాథలిక్ లేదా ఎవాంగెలిష్ అని రాస్తే, మీరు ఉద్యోగం చేసి ఆదాయపు పన్ను కట్టే రోజున ఆ పన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను కూడా కోస్తారు. క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు ఈ సంగతి తెలిసి, ఆలోచించి నింపండి.

పని పది నిమిషాల్లో అయిపోతుంది. బయటికి వచ్చే ముందు ముద్ర వేసిన కాగితం చేతికి తీసుకుని, మీ పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబర్ అక్షరం అక్షరం అక్కడే చదువుకోండి. తప్పుంటే ఆ నిమిషంలో దిద్దుతారు, తర్వాత మళ్ళీ టెర్మీన్ కావాలి.

సిమ్, బ్యాంకు, బ్లాక్డ్ అకౌంట్

ప్రీపెయిడ్ సిమ్ ఆల్డి, లిడ్ల్ లాంటి సూపర్ మార్కెట్లలోనే దొరుకుతుంది. కొన్నాక పాస్‌పోర్టు చూపిస్తూ వీడియో కాల్‌లో గుర్తింపు పూర్తి చేయాలి. గదిలో వెలుతురు బాగుండాలి, వైఫై నిలకడగా ఉండాలి. పాస్‌పోర్టుని వంచుతూ మెరిసే ముద్రలు చూపించమంటారు, కంగారు పడకండి. రెండేళ్ళ కాంట్రాక్టు సిమ్ మొదటి నెలలో తీసుకోవద్దు.

బ్యాంకుల్లో రెండు రకాలు. ఫోన్‌లోనే తెరిచే ఆన్‌లైన్ బ్యాంకులు తొందరగా అవుతాయి. ష్పార్కాసె లాంటి బ్రాంచి ఉన్న బ్యాంకులు రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతాయి, కానీ అక్కడిచ్చే జిరోకార్డ్ అనే జర్మన్ డెబిట్ కార్డు చిన్న దుకాణాల్లో కూడా చెల్లుతుంది. తొందర ఉంటే మొదట ఆన్‌లైన్ అకౌంట్ తెరిచి, స్థిరపడ్డాక రెండోది చూసుకోవచ్చు. విద్యార్థులకి ఛార్జీ లేని అకౌంట్ ఉందా అని తప్పక అడగండి.

ఐబాన్, అంటే మీ బ్యాంకు అకౌంట్ నంబర్, రాగానే దాన్ని బ్లాక్డ్ అకౌంట్ సంస్థ పోర్టల్‌లో పెట్టాలి. 2024 సెప్టెంబర్ నుంచి వీసాకి చూపించాల్సిన మొత్తం ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992. కొన్ని సంస్థలు ఐబాన్‌తో పాటు రిజిస్ట్రేషన్ కాగితం, వీసా పేజీ స్కాన్ కూడా అడుగుతాయి. ఇక్కడ పని ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గరే, బ్యాంకులో పేరు, బ్లాక్డ్ అకౌంట్‌లో పేరు ఒకేలా లేకపోతే డబ్బు విడుదల కాదు.

ఇన్సూరెన్స్ లేనిదే యూనివర్సిటీలో చేరిక లేదు

ఎన్‌రోల్‌మెంట్ పూర్తవాలంటే హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ నుంచి యూనివర్సిటీకి ఎలక్ట్రానిక్ కబురు అందాలి. మీరు పీడీఎఫ్ పంపితే సరిపోదు. టీకే, ఆఓకే, బార్మర్ లాంటి ప్రభుత్వ చట్టబద్ధ బీమా సంస్థల్లో ఏదో ఒకదానికి ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, యూనివర్సిటీ పేరు ఇస్తే వాళ్ళే ఆ కబురు పంపుతారు. 30 ఏళ్ళలోపు విద్యార్థులకి ప్రత్యేక రేటు ఉంది, నెలకి సుమారు 140 నుంచి 155 యూరోల మధ్య. సంస్థల మధ్య తేడా కొద్దిపాటిదే.

ఏజెంట్లు నెలకి ముప్ఫై నలభై యూరోలకి ప్రైవేటు పాలసీ ఇప్పిస్తామంటారు. ఒక్కసారి చట్టబద్ధ బీమా వద్దని మినహాయింపు రాయించుకుంటే ఆ చదువు ఉన్నంతకాలం దాంట్లోకి తిరిగి రాలేరు. చవక పాలసీల్లో పళ్ళు, పాత జబ్బులు, మానసిక వైద్యం లాంటివి చాలావరకు ఉండవు. 30 దాటినవాళ్ళకి వేరే దారి లేక ప్రైవేటు తీసుకోవాల్సి వస్తుంది, మిగతావాళ్ళు ఆ జోలికి వెళ్ళొద్దు. విమానం దిగిన రోజు నుంచి చట్టబద్ధ బీమా మొదలయ్యే రోజు దాకా ట్రావెల్ ఇన్సూరెన్స్ నడుస్తూ ఉండాలి, తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఒంట్లో బాగోకపోతే పెద్ద ఆసుపత్రికి పరుగెత్తే అలవాటు మనది. అక్కడ ముందు ఇంటి దగ్గరి హౌస్‌ఆర్ట్స్ట్, అంటే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. రాత్రిపూట, సెలవు రోజుల్లో ప్రాణాపాయం లేని జ్వరం, నొప్పులకి 116117, ప్రాణాపాయం అయితే 112, పోలీసులకి 110. పారాసిటమాల్ కూడా కిరాణాలో దొరకదు, అపొటేకె అనే మందుల షాపులోనే. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు కాబట్టి మీరు రోజూ వాడే మందులుంటే డాక్టర్ చీటీతో, మూడు నెలలకి మించకుండా తెచ్చుకోండి.

వంటగది, కిటికీ, బూజు

ఇంగువ, ఎండుమిరపకాయల పోపు ఘాటుకి పొగ అలారం మోగడం హాస్టళ్ళలో తరచూ జరిగేదే. చాలా హాస్టళ్ళలో అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది, బండి వచ్చిందంటే ఖర్చు మీ మీద పడే అవకాశం ఉంది. అలారం మీద ప్లాస్టిక్ కవరు కట్టడం, బ్యాటరీ తీయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, నిజంగా మంటలు లేచిన రోజు ప్రాణాలు కాపాడేది అదే. పొయ్యిని మధ్యస్థం మీద పెట్టండి. గాజు పలక పొయ్యి నెమ్మదిగా వేడెక్కి, ఆపేశాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. మన గ్యాస్ అలవాటుతో ఫుల్లు మీద పెడితే ఆవాలు చిటపటలాడేలోపు నూనె పొగలు కక్కుతుంది. ఆవాలు, జీలకర్ర వేసి, మిరపకాయలు ఆఖరున వేసి వెంటనే గిన్నె పక్కకి జరపండి. ఎగ్జాస్ట్ ఆన్ చేసి, కిటికీ తెరిచి, వంటగది తలుపు మూయండి. తలుపు తెరిస్తే పొగ నడవలోని అలారం దగ్గరికి పోతుంది.

పోపు తర్వాత పెద్ద సమస్య ఆవిరి. కుక్కర్ విజిల్స్, వేడినీళ్ళ స్నానం, గదిలోనే ఆరేసిన బట్టలు, ఇవన్నీ గాలిలోకి తేమ వదులుతాయి. చలి అని కిటికీలు మూసేస్తే ఆ తేమ బయటి గోడ చల్లటి మూలల్లో నీరుగా మారి, రెండు మూడు వారాల్లో నల్ల బూజు పడుతుంది. శుభ్రం చేయించే ఖర్చు మీ అడ్వాన్సులోంచి కోస్తారు. రోజుకి రెండు మూడు సార్లు హీటర్ నాబ్ సున్నాకి తిప్పి, కిటికీని పూర్తిగా బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయండి. కిటికీ పైభాగం కొద్దిగా వాల్చి గంటల తరబడి వదిలేస్తే గోడలు చల్లబడతాయే కానీ తేమ సరిగ్గా పోదు. హీటర్ నాబ్ మీద 3 అంటే సుమారు 20 డిగ్రీలు. 5 మీద పెడితే గది తొందరగా వేడెక్కదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. మంచాన్ని, బీరువాని బయటి గోడకి జానెడు దూరంలో జరపండి.

సరుకులకి ఆల్డి, లిడ్ల్, పెన్నీ, నెట్టో చవక. రెవె, ఎడెకాలో రకాలెక్కువ, ధర కాస్త పైన. ఎర్ర మసూర్ పప్పు ప్రతి సూపర్ మార్కెట్లో 500 గ్రాముల ప్యాకెట్లలో ఉంటుంది, కందిపప్పు, సోనా మసూరి, మినపప్పు మాత్రం ఇండియన్ లేదా ఏషియన్ షాపులోనే. కొత్తిమీర, పుదీనా పెద్ద కట్టలు, పచ్చిమిర్చి, బెండకాయలు టర్కీవాళ్ళ దుకాణాల్లో తాజాగా, చవకగా దొరుకుతాయి. పెరుగు 3.5 శాతం కొవ్వుది తీసుకోండి, తోడుకి కూడా పనికొస్తుంది. ఇడ్లీ పిండి చలికి పులవదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె రాత్రంతా అందులో పెడితే పొంగుతుంది. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, నీళ్ళ సీసాలు మోయక్కర్లేదు.

ప్లాస్టిక్ సీసా, డబ్బా కొంటే 25 సెంట్లు ఫాండ్ అని అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసాని నలపకుండా సూపర్ మార్కెట్లోని మెషీన్‌లో వేస్తే రసీదు వస్తుంది, కౌంటర్లో ఆ డబ్బు తిరిగిస్తారు. చెత్తని కాగితం, తడి చెత్త, ప్యాకింగ్, మిగతావి అని వేరు చేయాలి. ఏ రంగు డబ్బాలో ఏది వేయాలో ఊరిని బట్టి మారుతుంది కాబట్టి మీ భవనంలోని డబ్బాల మీద బొమ్మలు చూడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మిక్సీ, వాషింగ్ మెషీన్, పెద్ద గొంతుతో ఫోన్లు వద్దు. ఇండియాలో తెల్లవారిందని అర్ధరాత్రి స్పీకర్ మీద వీడియో కాల్స్ చేస్తే పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తారు.

పక్కన పడేయకూడని ఉత్తరాలు

అన్‌మెల్డుంగ్ అయిన రెండు నుంచి నాలుగు వారాల్లో 11 అంకెల పన్ను నంబర్, ష్టోయర్ ఐడీ, పోస్టులో వస్తుంది. పార్ట్‌టైమ్ జాబ్‌కి ఇదే కావాలి. ఒరిజినల్‌ని ఫైల్లో పెట్టండి, ఆ నంబర్ జీవితాంతం మారదు.

తర్వాత వచ్చేది రుండ్‌ఫుంక్‌బైట్రాగ్, అంటే ప్రభుత్వ రేడియో, టీవీల రుసుము. నెలకి 18.36 యూరోలు, మనిషికి కాదు, ఇంటికి. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి. వేగేలో ఎవరో ఒకరు కడుతుంటే వాళ్ళ రుసుము ఖాతా నంబర్ రాసి పంపితే మీకు మినహాయింపు. హాస్టల్లో అందరూ తిరిగే నడవలోకి తలుపు తెరుచుకునే గది సాధారణంగా విడి ఇల్లుగానే లెక్క. ప్రకటన కాగితమేమో అనుకుని చించేస్తే నెలల బకాయి, దాని మీద జరిమానా కలిపి ఒకేసారి వస్తాయి.

జర్మన్‌లో వచ్చిన ఏ ఉత్తరాన్నైనా ఆ రోజే ఫోన్‌తో అనువాదం చేసి చదవండి. అందులో తేదీ ఉంటే అది గడువే అయ్యుంటుంది.

ప్రయాణాలు, పని

చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ప్రయాణ టికెట్ కలిసి ఉంటుంది. అది మొదలయ్యేది సెమిస్టర్ తేదీ నుంచే, కాబట్టి సెప్టెంబర్‌లో దిగినవాళ్ళు టికెట్ కొనాలి. డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్ళలో చెల్లుతుంది, ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణ రైళ్ళలో చెల్లదు. అది దానంతటదే ప్రతి నెలా కొనసాగే చందా. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. మెషీన్‌లో కొన్న కాగితపు టికెట్ మీద తేదీ, సమయం లేకపోతే ప్లాట్‌ఫాం దగ్గరి చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. టికెట్ ఉండీ ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, 60 యూరోలు కట్టాలి.

విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. 2026లో కనీస వేతనం గంటకి 13.90 యూరోలు, మినీజాబ్, అంటే చిన్న పార్ట్‌టైమ్ పని, జీతం పరిమితి నెలకి 603. కాంట్రాక్టు లేకుండా చేతికి డబ్బిస్తామనే పని ఒప్పుకోవద్దు. దొరికితే మీ రెసిడెన్స్ పర్మిటే ప్రమాదంలో పడుతుంది, జీతం ఎగ్గొట్టినా అడిగే దారి ఉండదు.

రెసిడెన్స్ పర్మిట్

మీ వీసా మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో ఇచ్చి ఉంటారు. అది ముగిసేలోపు ఆస్‌లెండర్‌బెహోర్డెలో, అంటే విదేశీయుల ఆఫీసులో, రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు అందాలి. వీసా చివరి తేదీకి ఎనిమిది, పది వారాల ముందే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ కాగితం, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పత్రం, బ్లాక్డ్ అకౌంట్‌లో మిగిలిన మొత్తం, అద్దె కాంట్రాక్టు కావాలి. రుసుము దాదాపు 100 యూరోలు. 2025 మే నుంచి ఫొటోలు డిజిటల్‌గానే తీసుకుంటున్నారు, ఇండియాలో తీయించిన కాగితపు ఫొటోలు అక్కర్లేదు. ఆఫీసులోని మెషీన్‌లోనో, అనుమతి ఉన్న స్టూడియోలోనో తీయించాలి. కార్డు బెర్లిన్‌లో అచ్చవుతుంది, చేతికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు.

టెర్మీన్ దొరక్కపోతే ఊరుకోకండి. ఆ ఆఫీసు ఆన్‌లైన్ ఫారం ద్వారా, లేదా ఈమెయిల్‌లో కాగితాలన్నీ జతచేసి, గడువు ముగిసేలోపే దరఖాస్తు పంపి, అందినట్టు వచ్చిన జవాబు దాచుకోండి. గడువులోపు అడిగితే, నిర్ణయం వచ్చేదాకా మీ పాత హక్కులు కొనసాగుతాయి. దానికి రుజువుగా ఫిక్ట్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే టికెట్ కొనే ముందు ఆ పత్రం లోపలి పేజీ తెరిచి చూడండి. సెక్షన్ 81లో నాలుగో ఉపవిభాగం దగ్గర టిక్ ఉంటే జర్మనీ బయటికి వెళ్ళి తిరిగి రావచ్చు. మూడో ఉపవిభాగం దగ్గర ఉంటే కార్డు చేతికొచ్చేదాకా ప్రయాణం పెట్టుకోకండి.